వేళ్లకు అంటిన బూడిద

ఇప్పుడు నా చేతులు వణకడం లేదు. కనుకనే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. అక్షరాలు వంకరటింకరగా ఉంటే అది తాగుడు చేసిన పాపమని అనుకోకండి. చిన్నప్పుడు వీధిబడి ఎగ్గొట్టి చెరువు గట్టు వెంట తిరిగిన పాపం అది.

రాస్తుంటే మనసు కుదుటపడుతోంది. అదొక స్వార్థం. ఇంకో సంగతి కూడా ఉంది. ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీ గోడ కింద తాగి పడి ఉండే కూలీలను చూసి ముక్కు మూసుకుని పోయేవాళ్లే ఎక్కువ. నేను ఆ గోడ కింద రెండు చలికాలాలు పడి ఉన్నాను. అక్కడ పడి ఉన్నవాడికి కూడా ఒక ఊరు, ఒక ఇల్లు, చేతిలో ఒక పని ఉంటాయని చెప్పాలని నాకు చాలా రోజులుగా ఉంది.

నా పేరు రాజేశం. వేములవాడకు రెండు కోసుల దూరంలో మా ఊరు. తాతల నాటి నుంచి మగ్గం మీద బతికిన ఇల్లు మాది. నా భార్య లక్ష్మవ్వ, మాకు ఒక్కతే బిడ్డ, సత్తెమ్మ.

మాది గుంట మగ్గం. నేలలో గొయ్యి తవ్వి, అందులో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తాం. వానకాలం గుంటంతా చెమ్మ. కాళ్లు మొద్దుబారిపోతాయి. "పొద్దుగాల ఒక్క గుక్క పోసుకుంటే కాళ్లకు కాక, చేతికి నిలకడ" అని మా వాడలో పెద్దవాళ్లే అనేవారు. నేను నమ్మాను. నిజంగానే మొదట్లో చేయి నిలకడగా ఉండేది. కొన్నాళ్లకు ఆ గుక్క పడకపోతే చేయి వణకడం మొదలైంది. వణుకు పోవడానికి ఇంకో గుక్క, అది పోవడానికి మరొకటి. వణుకు తెచ్చేదీ, తగ్గించేదీ ఆ సారాయే అని తెలుసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. లక్ష్మవ్వకు ఆరు నెలలు పట్టింది. చెప్పింది కూడా. పెళ్లాం మాట వినే మొగుడినైతే ఇంత కథ ఎందుకు అవుతుంది?

నేను చేసిన పాడుపని అర్థం కావాలంటే మా ఇళ్లలోని ఒక పద్ధతి చెప్పాలి. నేసిన బట్టను కోసుకున్నా, పోగులు దూరే అచ్చులో పాత పడుగు కొనలను, అంటే నిలువు పోగుల కొనలను, జానెడు అలాగే వదిలేస్తాం. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కొక్క పోగునూ ఆ పాత కొనకు మెలిపెట్టి అతుకుతాం. జారిపోకుండా వేళ్లకు పొయ్యిలోని బూడిద అద్దుకుంటాం. అలా నా పోగు మా బాపు అతికిన పోగుకు అతుకు, ఆయన పోగు మా తాత పోగుకు అతుకు. మగ్గాన్ని పోగు లేకుండా ఖాళీగా ఉంచితే ఇంటికి అరిష్టమంటారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, దసరా ఇంకా పది రోజులుందనగా, లక్ష్మవ్వ బిడ్డను తీసుకుని వేములవాడ పోయింది. నా తాగుడు మాన్పించమని రాజన్న దేవుడికి కోడె కట్టి మొక్కుకోవడానికే పోయింది. ఆమె అక్కడ కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతున్న సమయానికి ఇక్కడ నేను సగం నేసిన చీరను అచ్చుతో సహా కత్తితో కోసి సారా దుకాణంలో పెట్టాను. మెల్లగా విప్పే ఓపిక లేదు. కొనలు మిగల్చాలన్న జ్ఞానం అంతకన్నా లేదు. పొద్దు నడినెత్తికి వచ్చాక కొంచెం తెలివి వచ్చి ఇంట్లోకి చూశాను. గుంట మీద ఒక్క పోగు లేదు. లక్ష్మవ్వ తిరిగి వచ్చే వేళ దగ్గరపడుతోంది. ఆమె తిడుతుందని కాదు, తిట్టకుండా ఆ గుంట వైపు చూస్తూ నిలబడుతుందని భయమేసింది. పత్తి పనికి ఆదిలాబాద్ పోయే కూలీలు లారీ ఎక్కుతుంటే వాళ్లతో నేనూ ఎక్కేశాను.

మొదటి చలికాలం కొంత పని చేశాను. బండ్ల మీంచి పత్తి దించడం, మిషను దగ్గరికి మోయడం. నాందేడ్ వైపువాళ్లు, నిజామాబాద్‌వాళ్లు, మావైపువాళ్లు, అందరూ ఒక్క చోటే. పొద్దుగూకితే గోడ పక్కన ఉన్న సారా దుకాణం. ఆదిలాబాద్ చలి తెలిసినవాడికి చెప్పనక్కర్లేదు, తెలియనివాడికి చెప్పినా నమ్మడు. ఆ చలి పేరు చెప్పి తాగాం. ఎండాకాలం వచ్చాక ఎండ పేరు చెప్పి తాగాను. రెండో దసరా నాటికి నన్ను పనిలోకి రానివ్వడం మానేశారు. గోడ కిందే ఉండిపోయాను.

ఖాదర్ సాబు పరిచయం అక్కడే. ఆయన సర్కారు దవాఖానాలో కట్లు కట్టే డ్రెస్సర్. అరవైకి దగ్గర పడ్డ మనిషి, సన్నగా, తలకు ఉన్ని టోపీ. రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు సైకిల్‌కి ఒక డబ్బా కట్టుకుని గోడ దగ్గరికి వచ్చేవాడు. డబ్బాలో ఆయన ఇంటామె కాచిన వేడి జొన్న అంబలి. ఎవరు కదిలితే వాళ్లకు ఒక గిన్నెడు. కదలనివాళ్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. "తాగకు" అని ఒక్కనాడూ అనలేదు. అని ఉంటే ఆ అంబలి కూడా తాగేవాణ్ణి కాదు, నా సంగతి నాకు తెలుసు. ఆయన అడిగేది ఒక్కటే.

"ఇయ్యాల నీ పేరేంది భాయ్?"

అలా ఎందుకు అడిగేవాడంటే నేను రోజుకో పేరు చెప్పేవాణ్ణి. ఒకనాడు ఎల్లయ్య, ఒకనాడు పోశెట్టి. ఊరు అడిగితే "లేదు" అనేవాణ్ణి.

"నిన్న పోశెట్టివి, ఇయ్యాల గంగారామా? మంచిగుంది. రేపటికి నా పేరు గూడ పెట్టుకుంటవేమో, జర నాకోసం ఇడిసిపెట్టు" అని నవ్వి గిన్నె నింపేవాడు.

ఆయనకు ఆ పేర్ల పట్టింపు ఎందుకో తరువాత తెలిసింది. ఆయన తమ్ముడు కూలికని దూరదేశం పోయి, ఏదో ఊరి వీధిలో తాగి పడి చనిపోయాడట. ఆ మనిషి పేరేమిటో బతికుండగా ఎవరూ అడగలేదు. అందుకని ఇంటికి వెంటనే కబురు రాలేదు. ఇంట్లోవాళ్లు మూడు నెలలు అతను వస్తాడనే ఎదురుచూశారు.

ఆ రెండో చలికాలం, పుష్య మాసంలో, నాకు వాంతిలో రక్తం పడింది. కడుపులో మంట, కాళ్లు వాచాయి, అన్నం వాసన పడదు. ఖాదర్ సాబు ఆ పొద్దున నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని, కింద పడకుండా తన నడుముకు తువ్వాలతో కట్టుకుని, దవాఖానాకు రానని నేను మొండికేయడంతో తన ఇంటికే తీసుకుపోయాడు. వెనక గదిలో మంచం వేశాడు. సారా పూర్తిగా బంద్ అని బయట గొళ్లెం పెట్టాడు. నేనూ సరేనన్నాను. ఇద్దరం మంచిపని చేస్తున్నామనే అనుకున్నాం.

మొదటి రోజు చెమటలు. రెండో రోజు ఒళ్లంతా వణుకు, మంచం కూడా నాతోపాటు టకటకలాడింది. మూడో రోజు ఫిట్స్ వచ్చి పడిపోయానట. అక్కడి నుంచి నాకు తెలిసింది నేను చూసింది మాత్రమే, బయట జరిగింది వాళ్లు తరువాత చెప్పారు.

నేను చూసింది పోగులు. గోడలో నుంచి పోగులు వస్తున్నాయి. తెల్లటివి, లెక్కలేనన్ని, అన్నీ తెగినవే. అన్నీ నేనే అతకాలి. వెనక ఎవరో నిలబడి చూస్తున్నారు, తిరిగి చూసే ధైర్యం లేదు. రెండు కొనలు పట్టుకుని మెలిపెడతాను, జారిపోతాయి. మళ్లీ పడతాను, జారిపోతాయి. నా బతుకులో అంత భయం ఎప్పుడూ పడలేదు. చావు భయం కాదది. లక్ష్మవ్వ వచ్చేలోపు అతకలేనేమోనన్న భయం.

బయట జరిగింది ఇది. ఖాదర్ సాబు నన్ను టాంగాలో వేసుకుని దవాఖానాకు తెచ్చాడు. నేను దుప్పటి అంచు పీకుతూ, గాలిలో వేళ్లు ఆడిస్తూ "బూడిద, బూడిద" అని అరుస్తున్నానట. పక్క మంచం మీది ముసలాయన దయ్యం పట్టిందన్నాడు. ఇంకొకాయన, శివభక్తుడు కావచ్చు, విభూతి అడుగుతున్నాడన్నాడు. సూది వేసేటప్పుడు ఎవరినో కొట్టానని నా రెండు చేతులూ మంచం కోళ్లకు గుడ్డతో కట్టేశారు. దాంతో ఇంకా ఎక్కువ అరిచానట.

ఆ వార్డు ఊడ్చే మనిషి మల్లవ్వ. జమ్మికుంట వైపు, మగ్గం నేసే సాలెవాళ్ల ఇంటి బిడ్డ. మొగుడు పోయాక బతుకుదెరువుకు ఆదిలాబాద్ వచ్చింది. ఆమె చీపురు పట్టుకుని కాసేపు నన్నే చూసి ఖాదర్ సాబును పిలిచిందట.

"ఓ సాబ్, కట్లిప్పుండ్రి. గీయనకు దయ్యం లేదు గియ్యం లేదు. పోగులు అతుకుతుండు."

"ఏం పోగులమ్మా? గీడ పోగులు ఎక్కడున్నయి?"

"మీకు కనబడయి. ఆయనకు కనబడుతున్నయి. మా బాపు గిట్లనే బొటనేలితోని మెలిపెడుతుండె. జారుతున్నయట, గందుకే బూడిద అడుగుతుండు. పాపం, పని ఆగిపోయిందని పరేషాన్ అయితుండు."

ఆమె బయట చాయ్ పొయ్యిలోంచి ఒక మూకుడు నిండా చల్లారిన బూడిద తెచ్చింది. ఖాదర్ సాబు కట్లు విప్పాడు. ఆమె నా పది వేళ్లూ ఒక్కొక్కటే బూడిదలో అద్దిందట. మరుక్షణం నేను అరవడం మానేశానట. దుప్పటి అంచు పోగులను పట్టుకుని మధ్యాహ్నం దాకా వరసగా మెలిపెడుతూ కూర్చున్నానట. మల్లవ్వ ఊడ్చుకుంటూ ఊడ్చుకుంటూ వచ్చి మధ్యమధ్యలో "మంచిగనే అతుకుతున్నవు బిడ్డా, కానియ్యి" అని పోయేదట. తరువాత నిద్రపోయాను.

నాకు కూడా ఆ క్షణం గుర్తుంది. పోగులు జారడం ఆగిపోయింది. అంతే గుర్తుంది.

తెలివి వచ్చాక ఖాదర్ సాబు నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తప్పు నాది భాయ్," అన్నాడు. "ఇన్నేండ్లు తాగినోనికి ఒక్కపారే బంద్ చేపిస్తే పానం మీదికి వస్తదని నాకు ఎర్క లేకుండె. డాక్టర్ సాబ్ నన్ను మస్తు తిట్టిండు. నువ్వు గూడ రెండు తిట్టు."

నాకు తిట్టే ఓపిక లేదు. ఉన్నా తిట్టేవాణ్ణి కాను. కానీ ఈ మాట మాత్రం చదివేవాళ్లకు చెప్పాలి. మీ ఇంట్లో ఏళ్ల తరబడి తాగిన మనిషి ఉంటే కోపంతోనో ప్రేమతోనో గదిలో వేసి గొళ్లెం పెట్టకండి. దవాఖానాకు తీసుకుపోండి. ప్రేమతో పెట్టిన గొళ్లెమే నన్ను చంపబోయింది.

"ఇయ్యాల నీ పేరేంది?" అని అడిగాడు ఆయన, అలవాటు కొద్దీ.

"రాజేశం."

"రేపు?"

"రేపు గూడ రాజేశమే."

ఆయన టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. ఊరు కూడా చెప్పాను.

ఇప్పుడు ఏటా పత్తి మొదలయ్యాక పది రోజులు ఆదిలాబాద్ పోయి ఖాదర్ సాబుతో పాటు అంబలి డబ్బా మోస్తాను. గోడ కింద మనుషులను చూసినప్పుడు నేను మొహం తరువాత చూస్తాను, ముందు చేతులు చూస్తాను. పోయిన ఏడు ఒకాయన చలిలో పడుకుని రెండు పిడికిళ్లూ బిగించి లాగుతున్నాడు. బండి తోలేవాడని తెలిసిపోయింది. "ఎడ్లు ఆగినయే, దిగు" అన్నాను. కళ్లు తెరిచాడు. టాంగా మాట్లాడి దవాఖానాకు తీసుకుపోయాం.

నా సంగతికి వస్తాను. మాఘ మాసమంతా దవాఖానాలోనే. ఇంటికి కార్డు రాయాలి. కలం పట్టుకుంటే కాగితం చిరిగింది, మందుల గది గుమాస్తా రాసిపెట్టాడు. రోజూ వరండాలో రాతి బెంచీ మీద కూర్చుని టపా మనిషి కోసం చూసేవాణ్ణి. ఆ బెంచీ మీద ఎందరో కూర్చునేవారు. బిడ్డ జ్వరం తగ్గలేదని ఒకామె, కాలు తీసేస్తారేమోనని ఒకాయన. అందరూ లోపలి నుంచి పిలుపు కోసం చూస్తే నేనొక్కణ్ణే వీధి వైపు చూసేవాణ్ణి. సారా మీదికి మనసు పోయేది ఆ ఎదురుచూపులోనే. మల్లవ్వ చీపురు పక్కన పెట్టి వచ్చి కూర్చుని వాళ్ల బాపు మగ్గం ముచ్చట్లు చెప్పేది. చెప్పిందే చెప్పేది. నాకది హాయిగా ఉండేది.

పద్దెనిమిదో రోజు జవాబు వచ్చింది. ఊరి బడిపంతులు చేతి రాత, మాట మాత్రం లక్ష్మవ్వదే.

"నువ్వు బతికున్నవని తెలిసింది. మంచిది. రమ్మని నేను అన. రావద్దని గూడ అన. మగ్గం జోలికి మాత్రం రావద్దు."

కార్డు రెండుసార్లు చదివి మల్లవ్వకు వినిపించాను. ఆమె నవ్వింది.

"రావద్దని రాయలే గదా? ఆడిది గంత రాసిందంటే నీకు బువ్వకు ఎసరు పెట్టినట్టే. పో బిడ్డా."

పోయేటప్పుడు కాగితంలో కాస్త బూడిద పొట్లం కట్టి ఇచ్చింది. "ఇగో నీ దవాయి. ఖర్చు లేదు" అంది. కరీంనగర్ బస్టాండ్‌లో వేములవాడ బస్సు కోసం రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. ఎదురుగా సారా దుకాణం. వాసన ఇంత దూరం వస్తోంది. నేను పొట్లం విప్పి వేళ్లకు బూడిద రాసుకుని తువ్వాల అంచు మెలిపెడుతూ కూర్చున్నాను. పక్కనున్నవాళ్లు కొంచెం జరిగి కూర్చున్నారు. పిచ్చివాడనుకుంటే అనుకోనీ అనుకున్నాను.

ఇంటికి చేరేసరికి సత్తెమ్మ వాకిట్లో నూలు కండెలు చుడుతోంది. నన్ను చూసి లేచి లోపల తల్లి దగ్గరికి పరిగెత్తింది.

"అవ్వా, ఎవలో ముసలాయన అచ్చిండు."

నా వయసు అప్పటికి ముప్పై ఆరు. ఆ మాట నన్ను ఎంత కోసిందో రాయలేను. లక్ష్మవ్వ గడప దాకా వచ్చింది. చాలాసేపు చూసింది.

"కాళ్లు కడుక్కో. అరుగు మీద కూసో" అంది. అంతే.

అరుగు మీదే తిండి, అరుగు మీదే పడక. ఉగాది పోయింది, ఎండలు ముదిరాయి. ఆమె నాతో పనికి కావలసిన మాటలు తప్ప మాట్లాడలేదు. లోపలి నుంచి మగ్గం మీద నాడె అటూ ఇటూ ఆడే చప్పుడు వినిపించేది. మొదట ఎవరినో కూలికి పెట్టిందనుకున్నాను. కాదు, ఆమే నేస్తోంది. నేను పోయాక కొత్త అచ్చు తెచ్చి, తల్లీ బిడ్డా చెరోవైపు కూర్చుని ప్రతి పోగూ దూర్చి, మగ్గాన్ని నిలబెట్టుకున్నారని వాడవాళ్లు చెప్పారు. నాకు గర్వంగానూ అనిపించింది, సిగ్గుగానూ అనిపించింది.

పాత దోస్తులు వచ్చి పిలిచేవారు. ఒక మధ్యాహ్నం లేచాను కూడా. సారా దుకాణం మూల దాకా పోయి, అక్కడ చింతపండు అమ్మే ఆమె పక్కన నిలబడి, ఎంతసేపో తెలియదు, తిరిగి వచ్చాను. లక్ష్మవ్వ గడపలో నిలబడి అంతా చూసింది. ఆ పూట పచ్చిపులుసులో పోపు ఎక్కువ వేసింది. నాకిష్టమని ఆమెకు తెలుసు.

మృగశిర కార్తె వచ్చింది. మొదటి వాన పడ్డ మరునాడు మగ్గం మీది పడుగు అయిపోయింది. కొత్త పడుగు అతకాలి. అతికేటప్పుడల్లా ఆమె వాడ చివర ఉండే మా చిన్నాయనను పిలుచుకునేదట. నేను అరుగు మీద కూర్చుని ఆయన కోసం చూస్తున్నాను. ఎవరూ రాలేదు. లక్ష్మవ్వ లోపలి నుంచి వచ్చి నా ముందు ఒక పళ్లెం పెట్టింది. పళ్లెంలో పొయ్యి బూడిద, జల్లెడ పట్టి మెత్తగా చేసినది.

నేను అన్నాను, "మగ్గం జోలికి రావద్దన్నవు గదా."

"అవును, అన్న. నువ్వు రాలే, అది సూసిన." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "గని నీ చేతులు ఆగుతలేవు. పగటిపూట పండుకుంటవు సూడు, గప్పుడు గూడ నిద్రల పోగులు అతుకుతనే ఉన్నవు. ఒక్కటి గూడ నిలుస్తలేనట్టుంది. చేతి ఏళ్లకు బూడిద లేదేమో అనుకున్న."

దవాఖానాలో జరిగింది నేను ఆమెకు అప్పటికి చెప్పలేదు. ఒక్క ముక్క చెప్పలేదు. మల్లవ్వ పేరు కూడా ఆమెకు తెలియదు. నేను పళ్లెం ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

"ఏడ్వకు," అంది లక్ష్మవ్వ. "బూడిద తడుస్తది."

లోపలికి పోయి మగ్గానికి అటువైపు కూర్చుంది. నేను ఇటువైపు కూర్చున్నాను. రెండేళ్ల తరువాత ఆమె మొహాన్ని అంత దగ్గరగా చూడడం అదే. ఆమె ఒక పాత కొన వెతికి నా వైపు అందించింది. మొదటి పోగు మూడుసార్లు జారింది. ఆమె తొందరపెట్టలేదు, నాలుగోసారి కూడా ఆ కొనను అలాగే పట్టుకుని ఉంది.